చిన్న లైను జ్ఞాపకములు

ఒకప్పుడు ధర్మవరములో గడియారము సరిచేసికొనుటకు రెండు ఆధారము లుండెడివి. ఒకటి రేడియోలో వార్తలకు ముందు వినబడు కాలసూచిక. రెండవది స్టేషనులోనికి వచ్చు బండి కూత. మొదటిదానిని నమ్మినవారు ఎన్నడును చెడలేదు. రెండవదానిని నమ్మిన మా వంటి పిల్లలు మాత్రము అప్పుడప్పుడు ఆలస్యముగా బడికి చేరి బెంచీ యెక్కుచుండెడివారము. అయినను నేడు ఆ రెండింటిలో దేనిని తలచుకొని నిట్టూర్చుచున్నారని మమ్ము అడిగినచో, బండి కూతనే అని చెప్పవలసియున్నది.

అది ఆవిరియంత్రపు కూత. ఆ బండి నడచినది మీటరు గేజి పట్టాలపై. దానినే మావారు 'చిన్న లైను' అనెడివారు. గుంతకల్లు నుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరు చేరు బాటయు, ధర్మవరము నుండి కదిరి మీదుగా పాకాల చేరు బాటయు ఒకప్పుడు చిన్న లైనులే. నేడు రెండును పెద్ద లైనులైనవి. పాత పట్టాలను పెఱికివేసిరి. యంత్రములు ఇనుపతుక్కు క్రింద అమ్ముడువోయినవి. మిగిలినవి జ్ఞాపకములు. వాని విలువ యెట్టిది, వానిలో మనము మఱచుచున్న దేమి, వానిని నిలుపుకొను విధమేమి అను మూడు విషయములను ఇచ్చట విచారింతము.

దూరదేశపు అడవి రైళ్లు

పాత రైలుబాటలను తలచి మురియుట మనకు మాత్రమే పట్టిన వెఱ్ఱి కాదు. అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తర సముద్రతీరమున రెడ్‌వుడ్ అను మహావృక్షముల అడవులు కలవు. భూమిపై నున్న చెట్లలో నెల్ల మిక్కిలి పొడవైనవి అవియే. 2006లో గుర్తించిన యొక చెట్టు 115 మీటర్లకు మించిన ఎత్తున్నది; మన తాడిచెట్లను నాలుగింటిని ఒకదానిపై నొకటి నిలిపినట్లనుకొనుడు. అట్టి చెట్టు దుంగను ఎడ్లతో ఎంతదూరము ఈడ్వగలము? కనుక 19వ శతాబ్ది ఉత్తరార్ధమున కలప కంపెనీలవారు అడవి నడిబొడ్డునకే పట్టాలు పఱచిరి. చెట్టు పడిన చోటికి రైలు పోయెడిది. దుంగలను కోతమిల్లునకో, సముద్రపు రేవునకో చేర్చెడిది. ఒక లోయలో చెట్లు తీఱిపోయినంతనే పట్టాలను పెఱికి మఱియొక లోయలో పఱచెడివారు.

ఆ బాటలు వంకరటింకరలు, ఎక్కుడులు నిటారు. మామూలు యంత్రపు చక్రములు అచ్చట పట్టు దొరకక జాఱెడివి. దీనికి విరుగుడుగా ఇఫ్రేమ్ షే అను కలప వ్యాపారి, ఆవిరి బలమును పళ్లచక్రముల ద్వారా అన్ని చక్రములకు పంచి యిచ్చు యంత్రమును కల్పించి 1881లో పేటెంటు పొందెను. దానికి వేగము తక్కువ, పట్టు ఎక్కువ. 20వ శతాబ్ది నడుమకు ఆ అడవి బాటలలో చాల భాగము మూతపడెను. కాని రైలు అభిమానులు ఊరకుండలేదు. 1885లో ఫోర్ట్ బ్రాగ్ అను ఊరినుండి అడవిలోనికి మొదలైన దుంగల లైను తరువాతి కాలమున విహారయాత్రికుల బండిగా బ్రతికెను. 1963లో ఫెల్టన్ అను ఊర పాత షే యంత్రమొకటి మరల పొగ విడిచి, రెడ్‌వుడ్ చెట్ల నడుమ జనులను త్రిప్పసాగెను.

అంతదూరము పోనక్కరలేదు. మన దక్షిణదేశముననే కొచ్చి సంస్థానమువారు 1907లో చాలకుడి నుండి పరంబికుళము అడవులలోనికి సుమారు 80 కిలోమీటర్ల మీటరు గేజి ట్రామ్‌వేను నడిపిరి. టేకు మొదలగు కలపను దింపుటకే అది పుట్టెను. కొండవాలున బరువుతో దిగు బండ్లు త్రాటికి కట్టిన ఖాళీ బండ్లను తామే పైకి లాగునట్లు అమర్చిరి. 1963లో దానిని మూసివేసిరి.

మరి మన ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల సంగతి యేమి? ఇచ్చట రెడ్‌వుడ్ లేదు, టేకు అడవియు లేదు. ఉన్నవి రాతికొండలు, ముండ్లపొదలు, చెఱువుల క్రింద పచ్చని మళ్లు. మన కథ ఆ అడవి రైలు కథకు తలక్రిందులు. అచ్చట చెట్టు కొఱకు రైలు వేసిరి. ఇచ్చట రైలు కొఱకు చెట్లు కొట్టిరి. అచ్చట పట్టాలను పిలిచినది కలప. ఇచ్చట పిలిచినది కఱవు.

కఱవు తెచ్చిన పట్టాలు

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన కఱవును మన పెద్దలు 'ధాత కఱవు' అనిరి. అది మొదలైనది ధాత నామ సంవత్సరమున. నాడు మన తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి; అనంతపురము జిల్లా 1882లో గాని వేఱుపడలేదు. బళ్లారి జిల్లా ఆ కఱవునకు మిక్కిలి బలియైన సీమలలో నొకటి. అప్పటికే మద్రాసు–బొంబాయి పెద్ద లైను గుత్తి, గుంతకల్లుల మీదుగా పోవుచుండెను. గింజలు ఆ స్టేషనుల దాక రాగలిగినవి. అటుపై లోపలి ఊళ్లకు చేరవలెనన్న ఎడ్లబండియే శరణ్యము. మేత లేక ఎడ్లు పడిపోయినవి. చేరిన గింజల ధరయు పేదల చేతికి అందలేదు. ఇట్లు రైలుకు దూరమైన ఊళ్లు రెండు విధముల నష్టపడినవి.

1880లో క్షామ విచారణ సంఘమువారు సమర్పించిన నివేదికలో కఱవుసీమలకు రైలుబాటలు వేయుట ముఖ్యమని చెప్పిరి. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ 1882లో ఏర్పడినది ఇట్టి ఉద్దేశముతోడనే. 1890వ దశకపు తొలి యేండ్లలో గుంతకల్లు నుండి ధర్మవరము, పెనుకొండల మీదుగా మైసూరు సరిహద్దునకు ఆ కంపెనీ బాట వచ్చెను. ఆ కాలముననే పాకాల నుండి సౌత్ ఇండియన్ రైల్వేవారి బాట వచ్చి ధర్మవరములో కలిసెను. ధర్మవరము జంక్షను అయినది అట్లు. 1908లో సదరన్ మరాఠా కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఆయెను. ముసలివారు ఇప్పటికిని 'ఎం.ఎస్.ఎం.' అను పేరు దానిదే. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే యేర్పడినప్పుడు అది అందులో లీనమాయెను. గుంతకల్లు డివిజను 1977లో దక్షిణ మధ్య రైల్వేకు మాఱెను.

ఇక చెట్ల సంగతి. పట్టాల క్రింద అడ్డముగా వేయు దుంగను స్లీపరు అందురు. ఒక్క కిలోమీటరు బాటకు వేయికి మించిన స్లీపర్లు కావలెను. ఎండకు పగిలి, వానకు నాని, చెదలు తిని చెడిన దుంగ స్థానమున మరల క్రొత్త దుంగ వేయుచుండవలెను. దీనికితోడు మద్రాసు రాజధానిలో తొలినాళ్ల యంత్రములు మండించినది ఎక్కువగా కట్టెలనే. 1856లో ఈ రాజధానికి మొదటి అడవుల సంరక్షకుడుగా నియమితుడైన హ్యూ క్లెగ్‌హార్న్, 1861లో ప్రకటించిన తన గ్రంథములో, రైలుబాటల స్లీపర్లకు, వంటచెఱకునకు అడవులపై పడుచున్న భారమును విస్తరించి వ్రాసెను. 1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చెను. అడవిని కాపాడుట మంచిదే. కాని పశువులను మేపుకొనుచు, కట్టెలమోపు అమ్ముకొనుచు బ్రతుకు పల్లెలవారికి ఆ చట్టము అడ్డుగోడయై నిలిచెను. రైలు కూతను మధురముగా తలచునప్పుడు, దాని పొగలో ఎచ్చటివో చెట్లు కాలిన సంగతియు తలపునకు రావలెను. ఇదియే మనము మఱచుచున్న మొదటి విషయము.

తరువాత బొగ్గు వచ్చెను. 1889లో ఇల్లెందులో త్రవ్వ నారంభించిన సింగరేణి బొగ్గు దక్షిణదేశపు యంత్రములకు ముఖ్యాహార మాయెను. కట్టెల అక్కఱ క్రమముగా తగ్గెను.

చిన్న లైను చిన్నదేల?

రెండు పట్టాల నడుమ ఎడమును గేజి అందురు. మన దేశపు పెద్ద లైనులో ఆ ఎడము 1,676 మిల్లీమీటర్లు, అనగా ఐదున్నర అడుగులు. చిన్న లైనులో సరిగా ఒక మీటరు. 1870 ప్రాంతమున, మేయో ప్రభువు గవర్నరు జనరలుగా నున్నప్పుడు, ఖర్చు తగ్గించుటకై ఈ చిన్న కొలతను స్వీకరించిరి. ఎడము తగ్గిన కొలది కట్ట సన్నము, వంతెన తేలిక, మలుపు సులభము. కొండల నడుమ వంగివంగి పోవలసిన పెనుకొండ వంటి చోట ఇది అనుకూలమే.

కాని అందులో చిక్కొకటి కలదు. చిన్న లైను పెట్టె పెద్ద లైనుపై నడవదు. హిందూపురపు బెల్లమును, చింతపండును మద్రాసు వైపునకో, బొంబాయి వైపునకో పంపవలెనన్నచో గుంతకల్లులో ప్రతి బస్తాను ఒక పెట్టె నుండి మఱియొక పెట్టెకు మనుష్యులే భుజములపై మోసి మార్చవలెను. లెక్కల పుస్తకములో ఇది 'గేజి మార్పు' అను ఒక్క మాట. మోసినవారికి అది దినమంతటి వెట్టి. లైను వేయుటలో మిగిలిన సొమ్ము ఇట్లు కూలీల వీపుపై వసూలైనదని చెప్పిన తప్పు కాదు.

ఎక్కుడులోని తాళము

ఇప్పుడు ఆవిరియంత్రము కడకు వత్తము. బొగ్గు మండి బాయిలరులోని నీటిని ఆవిరి చేయును. నీరు ఆవిరియైనచో సుమారు 1,600 రెట్లు వ్యాపింపజూచును. దానిని బంధించినప్పుడు పుట్టు ఒత్తిడియే యంత్రమునకు ప్రాణము. ఆ ఆవిరి ఇరుప్రక్కలనున్న సిలిండర్లలో ముషలకమును ముందునకును వెనుకకును త్రోయును. పని తీఱిన ఆవిరి పొగగొట్టము గుండ వెడలునప్పుడు 'ఛుక్' అను శబ్దము పుట్టును. చక్రము ఒక్క చుట్టు తిరుగునంతలో అట్టివి నాలుగు పుట్టును. పిల్లలు 'ఛుక్ ఛుక్' మని ఆడుకొనునది ఈ లెక్కనే.

1949 తరువాత మన చిన్న లైనుపై నడచిన యంత్రములలో ముఖ్యమైనవి రెండు తెగలు: వై.పి., వై.జి. అందు 'వై' మీటరు గేజికి గుర్తు. 'పి' ప్రయాణికుల బండికి, 'జి' గూడ్సు బండికి. రెడ్‌వుడ్ అడవుల వంటి చోట్లకు యంత్రములు చేసి పంపిన అమెరికాలోని బాల్డ్‌విన్ కర్మాగారమే వై.పి. తెగలో మొదటి యంత్రములను చేసెను. ఆ అడవి రైళ్లకును మన చిన్న లైనునకును ఇట్లొక చుట్టఱికము కలదు. ఆపై జంషెడ్‌పూరులోని టెల్కో కర్మాగారమువారు ఈ రెండు తెగలను మన దేశముననే చేసిరి.

వై.పి. యంత్రపు పెద్ద చక్రము అడ్డుకొలత 1,372 మిల్లీమీటర్లు. ఒక చుట్టునకు నాలుగు మీటర్లకు పైగా సాగును. ధర్మవరము కంటె హిందూపురము 200 మీటర్లకు మించిన ఎత్తున నున్నది. కనుక బెంగుళూరు వైపు పోవు బండికి దారి పొడవునను ఎక్కుడే. బరువైన బండి గంటకు 15 కిలోమీటర్లకు దిగినప్పుడు సెకనుకు నాలుగు ఛుక్కులు విడివిడిగా వినబడును. గంటకు 40 కిలోమీటర్లకు పోవు బండిలో అవి సెకనుకు పదియై, ఒకదానిలో నొకటి కలిసిపోవును. పెనుకొండలో ఇంటి అరుగుపై కూర్చున్న అవ్వ కన్నులు తెఱవకయే 'ఇది బెంగుళూరు పోయే బండి, బరువుగ ఉండాది' అని చెప్పగలిగినది ఈ తాళమును బట్టియే. అవ్వకు యంత్రశాస్త్రము తెలియదు, చెవికి తెలియును.

ఈ సీమలో యంత్రమునకు బొగ్గుకంటె నీరే కష్టము. అనంతపురము సీమ దేశములో మిక్కిలి తక్కువ వాన కురియు చోట్లలో నొకటి. మన నేలనీటిలో సున్నము ఎక్కువ. అది బాయిలరు గొట్టములలో పొరలు కట్టి వేడిని లోనికి పోనీయదు. అందుచే బాయిలరును పలుమాఱులు కడుగవలెను. కఱవుసీమకు గింజలు తేవచ్చిన యంత్రమే ఆ సీమలో దాహముతో నిలువవలసి వచ్చుట విధివైపరీత్యము.

చేతులు మాఱిన వలయము

చిన్న లైనుపై ఒకే జత పట్టాలు. రెండు దిక్కుల బండ్లును వానిపైననే. ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండుటకు టోకెను అను ఏర్పాటుండెను. స్టేషనులోని పెట్టెలో ఇనుప గుండు వంటి టోకెనులుండును. ఎదుటి స్టేషనువారు తంతిద్వారా అనుమతింపనిదే అందొకటియు బయటికి రాదు. టోకెను చేతికి రానిదే డ్రైవరు బండిని కదల్పడు. ఆగని బండికి దానినొక బెత్తపు వలయమునకు తగిలించి, ప్లాట్‌ఫారముపై నిలిచిన పాయింట్స్‌మన్ చేయి చాచి అందించెడివాడు. ఫైర్‌మన్ పరుగుబండి నుండి చేయి దూర్చి అందుకొనెడివాడు. రాత్రివేళ, వానలో, లాంతరు వెలుగున ఇది జరుగుచుండెడిది. వలయము తప్పినచో బండి నిలుపవలెను. చేయి తగిలినచో ఎముక విఱుగును.

మేము చిన్నతనమున తిరుపతి యాత్రకై ధర్మవరములో పాకాల బండి యెక్కి, కిటికీ నుండి తల బయటపెట్టి కంటిలో బొగ్గునలుసు పడి ఏడ్చిన సందర్భములు పెక్కు. మా అమ్మ కూజానీటితో కన్ను కడిగి, 'తల లోపల పెట్టమంటే వింటివా' యని మందలించుట ఇప్పటికిని చెవిలో నున్నది. కాని రాత్రి యంతయు ఆ నిప్పు నెదుట నిలిచి బొగ్గు విసరిన ఫైర్‌మన్ ముఖము మాకు జ్ఞాపకము లేదు. చూడలేదు గనుక లేదు. ఇది మనము మఱచుచున్న రెండవ విషయము. అభిమానికి యంత్రము గుర్తుండును. యంత్రమును నడిపిన మనిషి గుర్తుండడు. అమెరికాలోని అడవి రైళ్ల విషయమునను ఇంతే: షే యంత్రమును భద్రపఱచినంత శ్రద్ధతో, దుంగలు దొర్లించి చేతులు కాళ్లు పోగొట్టుకొన్న కూలీల మాటలను అందఱును భద్రపఱచలేదు.

పట్టా పోయిన తరువాత

గుంతకల్లు–బెంగుళూరు బాటను 1980వ దశకమున పెద్ద లైనుగా మార్చిరి. గుంతకల్లులో బస్తాలు మార్చు శ్రమ తప్పెను. 2000 నవంబరులో పెనుకొండ, ధర్మవరముల నడుమ పుట్టపర్తి ప్రక్కగా క్రొత్త బాటయు, శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయము స్టేషనును ప్రారంభమైనవి. ధర్మవరము–పాకాల బాట మార్పు 2010 ప్రాంతమున ముగిసెను. ఇది మేలే. 2019లో పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచి కడ కార్ల కర్మాగారము పని మొదలుపెట్టిన సీమకు చిన్న లైను చాలదు. మేము పాత బండి మరల రావలెనని కోరుట లేదు. బస్తాలు మోసిన వీపులు దానిని కోరవు.

కోరునది మఱియొకటి. పెనుకొండ కోట నుండి రాజులు పోయి శతాబ్దములు గడచినను రాతిగోడలు నిలిచియున్నవి. చూచినవారికి చరిత్ర తెలియును. రైలుబాట అట్టిది కాదు. ఇనుమునకు ధర కలదు. పట్టా పోవును, వంతెన దూలము పోవును, యంత్రము కరగును. ఒక స్టేషనులో యంత్రములకు నీరు పోసిన స్తంభమొకటి చాలకాలము నిలిచియుండగా మేము చూచితిమి. మఱియొకమాఱు పోయి చూడగా అచ్చట గుంత మాత్రమున్నది. అడిగినచో అదేమో అచ్చటివారికే తెలియలేదు.

1980వ దశకపు తొలి యేండ్లలో ఇరువదియైదేండ్ల ఫైర్‌మన్‌కు నేడు అరువదియైదు దాటినవి. నాటి డ్రైవర్లలో బ్రతికియున్నవారు మిక్కిలి వృద్ధులు. స్తంభమునకు పట్టిన గతియే వారి మాటలకును పట్టనున్నది. కావున మా మనవి యిది. మీ యింటిలోనో, వీధిలోనో రైల్వేలో పనిచేసిన తాతగారున్నచో ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండుడు. యంత్రము ఎంత వేగముగా పోయెడిదని మాత్రమే అడుగకుడు. పనికి ఏ వేళకు పిలుపు వచ్చెడిది, పిలువవచ్చినదెవరు, టిఫిను క్యారియరులో ఏమి కట్టుకొని పోయిరి, దూరపు స్టేషనులో ఎచ్చట పండుకొనిరి, నీరు తక్కువైననాడు ఏమి చేసిరి, ఎన్నడు భయపడిరి – ఇవి అడుగుడు. గ్యాంగుమన్, కీమన్, పాయింట్స్‌మన్, కళాసీ, గేటుమన్, బస్తాలు మోసిన కూలీ – వీరిని డ్రైవరుకంటె ముందుగా అడుగుడు. వారిని అడిగినవారు తక్కువ. చెప్పినది చెప్పినట్లు, వారి యాసతోనే వ్రాసియుంచుడు; వీలైనచో వారి గొంతునే పట్టి యుంచుడు. తారీకు తెలియనిచో ఊహించి వేయకుడు. 'పెద్దోని పెండ్లి యేడు' అని వారన్నచో అట్లే వ్రాయుడు.

గొంతు విలువ రేడియో వినువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ధర్మవరములో ఇప్పుడు పగలు రాత్రి బండ్లు వచ్చుచునే యున్నవి. వానికిని కూత కలదు. కాని దానిని విని, కన్ను తెఱవక, బరువును దిక్కును చెప్పగల అవ్వ లేదు. ఆమె చెవికి తెలిసినది ఆమెతోడనే పోయినది. ఆమెను ఒక్కమాటయైన అడిగియుంచమైతిమే యను విచారము మాకు మిగిలినది. మీకు మిగులకుండుగాక.